గూడ్స్ ఆగింది కదా అని కింద నుంచి దూరకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయినోణ్ణి. 2022లో ఆ పోస్టుకి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ మా టైమ్‌లో గార్డే, నాకు అదే నోటికొస్తుంది. గోపాలపట్నం వైపు లైను పక్కనే ఇల్లు, పొద్దున్న కాఫీ తాగుతూ వరండాలో కూర్చుంటే పట్టాలు కనిపిస్తాయి, అలవాటు పోలేదు మరి. రోజూ చూసేది ఒకటి మీ పేపర్‌లో రాయాలని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నాను.

మా కాలనీ గోడకి ఒకచోట కన్నం ఉంది, ఇవతల మెట్టులా ఒక రాయి కూడా వేసుకున్నారు. పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిది దాకా స్కూలు పిల్లలు, డ్యూటీకి వెళ్ళేవాళ్ళు, ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళు అందరూ అందులోంచే లైన్లు దాటి బస్సుకి పోతారు. ఖాళీ లైను దాటడం ఒక ఎత్తు, మొన్న చూసింది ఇంకో ఎత్తు. ఖనిజం లోడుతో గూడ్స్ వచ్చి సిగ్నల్ లేక ఆగింది, జనం అయిదు నిమిషాలు చూశారు, తర్వాత ఒక్కొక్కరూ పెట్టెల మధ్యలోంచి దూరడం మొదలుపెట్టారు. ఒకావిడ ముందు పాల క్యాను, పెట్టెల్ని కలిపే కప్లింగ్ మీదుగా అవతల మనిషికి అందించి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కింద నుంచి వంగి పోయింది. వెనకాల బ్యాగు తగిలించుకున్న కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్. ఒరేయ్ ఆగరా అని అరిస్తే "ఆగిపోయింది కదా తాతా, ఏటవుతాది" అన్నాడు.

ఏటవుతాదో చెప్తాను. అలాంటి బండికి 58 పెట్టెల దాకా ఉంటాయి, పొడుగు అరకిలోమీటరు పైమాటే, నాలుగు వేల టన్నులు దాటిన బరువు. సిగ్నల్ ఇచ్చాక డ్రైవర్ అక్కడెక్కడో ఇంజన్‌లో హారన్ కొట్టి లాగుతాడు, మధ్యలో ఉన్నోడికి ఆ హారన్ వినపడితే వినపడినట్టు లేకపోతే లేదు. ప్రతి కప్లింగ్‌లోనూ కొంచెం లూజు ఉంటుంది కాబట్టి బండి మొత్తం ఒక్కసారే కదలదు, ముందు పెట్టె లాగితే దాని వెనకది, దాని వెనకది, అలా టకటకా టకటకా అని ఆ జర్కు వెనక్కి పాక్కుంటూ వస్తుంది. ఆ చప్పుడు మన దగ్గరకి వచ్చేసరికి మన పెట్టె కూడా కదిలిపోయినట్టే లెక్క. వంగినోడు లేచే టైము ఉండదు. బండి చివర గార్డు పెట్టె, అదే బ్రేక్‌వ్యాన్‌లో వెనక కూర్చున్న నాకు మధ్యలో ఎవడు దూరాడో ఏం తెలుస్తుంది, ముందున్న డ్రైవర్‌కి అసలే తెలీదు.

పోనీ బయటపడ్డాడు అనుకుందాం, పక్క లైను సంగతేంటి? ఆగున్న గూడ్స్ గోడలా అడ్డం ఉంటుంది, అటు నుంచి వచ్చే బండి వీడికి కనపడదు, వీడు ఆ డ్రైవర్‌కి కనపడడు. 2013 నవంబర్ 2న మన విజయనగరం దగ్గర గొట్లాంలో జరిగింది చాలామంది మర్చిపోయుంటారు. ధన్‌బాద్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌లో మంటలు అని ఎవరో పుకారు లేపితే జనం భయపడి దిగి పక్క లైను మీదకి వెళ్ళారు, రాయగడ నుంచి విజయవాడ వెళ్ళే ప్యాసింజర్ వచ్చి గుద్దేసింది, కనీసం 8 మంది పోయారు. లోడు గూడ్స్ 60 స్పీడులో ఉంటే ఎమర్జెన్సీ బ్రేక్ కొట్టినా ఆగడానికి అరకిలోమీటరు అటూఇటూగా పడుతుంది. 100 స్పీడులో వచ్చే ఎక్స్‌ప్రెస్ సెకనుకి 27 మీటర్లు పైనే వచ్చేస్తుంది. ఇంకా దూరంగానే ఉందిలే అని మనం వేసే అంచనా ఎందుకూ పనికిరాదు.

2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర వైజాగ్ నుంచే బయల్దేరిన పలాస ప్యాసింజర్‌ని వెనకాల వచ్చిన రాయగడ ప్యాసింజర్ గుద్దింది, 14 మంది పోయారు. అప్పట్నుంచి టీవీ పెడితే చాలు కవచ్ కవచ్ అంటున్నారు. రావాలి, వద్దని ఎవరంటారు. కానీ కవచ్ రెడ్ సిగ్నల్ దాటబోయే బండిని ఆపుతుంది, ఎదురుగా ఇంకో బండి ఉంటే ఆపుతుంది, గోడ కన్నంలోంచి వచ్చిన మనిషిని చూసి ఆపదు. ఒక్కరొక్కరుగా పోతారు కాబట్టి లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తాయి, అంతే. సర్వీసులో ఉండగా అలాంటి మెమోలు రాయాల్సొచ్చినప్పుడల్లా రెండ్రోజులు నాకు అన్నం సహించేది కాదు. డ్రైవర్ల సంగతి అయితే చెప్పక్కర్లేదు, కళ్ళారా చూసేది వాళ్ళేగా.

జనానిదే తప్పు అని తేల్చేయడం ఈజీ. రైల్వే యాక్ట్ 147 ప్రకారం పట్టాల మీద తిరిగితే 6 నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా ఫైన్, లేదా రెండూను. కన్నం రెండుసార్లు పూడ్చారు, రెండుసార్లూ మళ్ళీ పగలగొట్టారు. ఎందుకంటే వేరే దారి ఏదీ? ఫుట్ బ్రిడ్జి దాకా నడిస్తే ఇరవై నిమిషాలు, అక్కడికెళ్ళాక మళ్ళీ అన్ని మెట్లు, మా ఆవిడ మోకాళ్ళకి అయితే అది సింహాచలం కొండే. ఇంకోవైపు అండర్ బ్రిడ్జిలో గట్టి వాన పడితే నడుం లోతు నీళ్ళు, లైటు ఉండదు, సందేళ దాటితే ఆడపిల్లలు వెళ్ళలేరు. హైవే మీద కూడా ఇదే కథ కదా, డివైడర్ గ్రిల్ వంచేసి దాటుతుంటారు. 2024 సెప్టెంబర్ నుంచి మన సిటీలో బండి వెనక కూర్చున్నోళ్ళకి కూడా హెల్మెట్ అన్నారు, మంచిదే, నడిచేవాడి గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు.

అడిగేది పెద్దదేం కాదు. జనం ఎక్కడ దాటుతున్నారో అక్కడే ర్యాంపు ఉన్న బ్రిడ్జి కట్టాలి, మనకి వీలున్న చోట కట్టి అందరూ ఇటే రండి అంటే ఎవరూ రారు. అది అయ్యేదాకా అండర్ బ్రిడ్జిలో మోటారు, నాలుగు లైట్లు పెట్టి, పొద్దున్న పూట కన్నం దగ్గర ఒక మనిషిని నిలబెట్టినా చాలు. ఈలోగా తల్లిదండ్రులు పిల్లలకి ఒక్కటి చెప్పండి, ఆగిన బండి కింద నుంచి మాత్రం దూరొద్దని.

మీ విలేకరిని ఒకరోజు ఏడున్నరకి పంపండి, నేనే చూపిస్తాను. చెప్పులతో వద్దు, బూట్లు వేసుకుని రమ్మనండి, అక్కడ కంకర జారుతుంది.

ఇట్లు,
రిటైర్డ్ గూడ్స్ గార్డు,
గోపాలపట్నం, విశాఖపట్నం