ఎఫ్‌సీకి వెళ్లిన బండిలో ఏం కొలిచారో డ్రైవరుకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఫీజుల మీద లారీ, ఆటో యజమానులు రోడ్డెక్కినప్పుడల్లా రెండే మాటలు వినిపిస్తాయి. డొక్కు బండ్లు తుక్కుకు పోవాల్సిందేనని ఒకరు, ఇదంతా డబ్బు గుంజే పనేనని ఇంకొకరు. తనిఖీ అక్కర్లేదనడం తప్పు. ఇప్పుడు జరుగుతున్న తీరులోనే జరగాలనడమూ తప్పే. ఫీజు ఎంతన్న దాని మీద ఇంత గొడవ జరుగుతున్నా, ఆ ఫీజుకు బండిలో ఏం కొలుస్తున్నారు, ఏం వదిలేస్తున్నారు అన్న ప్రశ్న ఎక్కడా రావడం లేదు.

మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఎఫ్‌సీ లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే. కొత్త బండికి మొదట రెండేళ్లు, ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ఒకప్పుడు ఈ పనంతా మన జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) కంటిచూపు మీద, ఒక చుట్టు నడిపి చూడటం మీద నడిచేది. 2021 సెప్టెంబరులో కేంద్రం యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకు నిబంధనలు తెచ్చింది. పెద్ద వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అవి తప్పనిసరి అని చెప్పి, తర్వాత గడువును 2024 అక్టోబర్ 1కి జరిపింది. ఈ కేంద్రాలు నడిపేవాళ్లు మరమ్మతులు చేయకూడదు, స్పేర్ పార్టులు అమ్మకూడదు అన్నది ఆ నిబంధనల్లో ఉన్న మంచి షరతు. పరీక్ష చేసేవాడే రిపేరు చేస్తే ప్రతి బండిలోనూ ఏదో ఒక లోపం దొరుకుతుంది.

యంత్రాల్లో అసలైనది రోలర్ బ్రేక్ టెస్టర్. ఒక్కో యాక్సిల్‌ను (ఇరుసును) రోలర్ల మీదికి ఎక్కించి, మోటారుతో చక్రాలను నెమ్మదిగా తిప్పుతూ డ్రైవరును పెడల్ తొక్కమంటారు. ఎడమ చక్రం ఎంత పట్టింది, కుడి చక్రం ఎంత పట్టింది అన్నది విడివిడిగా అంకెల్లో కనిపిస్తుంది. అన్ని చక్రాల పట్టునూ కలిపి బండి బరువుతో భాగిస్తే బ్రేకు సామర్థ్యం శాతంలో వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండికి ఇది 50 శాతం ఉంటే, పెడల్ తొక్కాక దాదాపు 28 మీటర్లలో ఆగుతుంది. 35 శాతానికి పడిపోతే 40 మీటర్లు కావాలి. తేడా 12 మీటర్లు, అంటే ఒక పెద్ద బస్సు పొడవు. సీట్లో కూర్చున్న డ్రైవరుకు ఈ తేడా కాలి కింద తెలియదు. బ్రేకు రోజుకింత తగ్గుతూ వస్తుంది కాబట్టి కాలు దానికి అలవాటు పడిపోతుంది. తనిఖీ ఎందుకు కావాలంటే ఇందుకే.

కుడి ఎడమల తేడా ఇంకా ప్రమాదం. చక్రం మధ్యలో గ్రీజును ఆపే హబ్ ఆయిల్ సీల్ పోయి, ఆ గ్రీజు లైనర్ (డ్రమ్మును రాసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు పట్టీ) మీదికి కారితే ఆ చక్రం పట్టదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి రెండో వైపుకు లాగేస్తుంది. తడి రోడ్డు మీద అడ్డం తిరుగుతుంది. ఇలాంటి లోపాన్ని రోలర్ నిమిషంలో పట్టేస్తుంది, ఎంత అనుభవమున్న కన్నయినా అంత కచ్చితంగా పట్టలేదు.

అలాగని యంత్రం అన్నీ చూస్తుందనుకోవద్దు. ఎఫ్‌సీ రోజు ఉదయం మెకానిక్ దగ్గర స్లాక్ అడ్జస్టర్లు (లైనర్‌కూ డ్రమ్ముకూ మధ్య సందును సరిచేసే మీటలు) బిగించుకుని వస్తే, లైనర్ రివెట్ల దాకా అరిగి ఉన్నా రోలర్ మీద అంకె బాగానే వస్తుంది. అదే బండి పదిహేను రోజులు లోడు మీద తిరిగితే రివెట్లు డ్రమ్మును గీకడం మొదలుపెడతాయి. దీన్ని పట్టాలంటే డ్రమ్ము విప్పనక్కర్లేదు. వెనక డస్ట్ కవర్‌కు ఉండే కంతలోంచి టార్చి వేసి లైనర్ మందం చూస్తే చాలు. చక్రానికి అర నిమిషం పట్టే ఈ పనిని క్యూ పెద్దదైతే వదిలేస్తారు.

ఇంకొకటి, లారీలు పరీక్షకు ఖాళీగా వస్తాయి. యాక్సిల్ మీద బరువు లేకపోతే కొంచెం తొక్కగానే చక్రం బిగుసుకుపోయి రోలర్ మీద జారుతుంది. అక్కడితో కొలత ఆగిపోతుంది. కుడి ఎడమల తేడా తెలుస్తుంది గానీ, ఆ లారీ పూర్తి లోడుతో ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు కాలిపోయి పట్టు తగ్గితే ఏమవుతుందో తెలియదు. పైగా ఎఫ్‌సీ ఎంత గట్టిగా చేసినా కొండగట్టు లాంటి ఘోరానికి అదొక్కటే అడ్డుపడదు. 2018 సెప్టెంబర్ 11న అక్కడ లోయలో పడిన బస్సులో వంద మందికి పైగా ఉన్నారు, 60 మందికి పైగా చనిపోయారు. అంతమందిని ఎక్కించుకుని దిగే బస్సు బ్రేకులను ఏ పరీక్షా కేంద్రమూ కొలవదు.

ఆటోల సంగతి వేరు. ముందు ఒకే చక్రం ఉంటుంది కాబట్టి కారు కోసం చేసిన రోలర్ల మీద దాని ముందు బ్రేకు కొలవలేం. మధ్యలో రోలర్ ఉన్న యంత్రం కావాలి. అది లేని చోట ఆటో ఫలితాన్ని యంత్ర పరీక్ష అనడం సరికాదు.

టైర్ల విషయంలో నిబంధన స్పష్టంగా ఉంది. రెండు, మూడు చక్రాల బండ్లకు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే, మిగతావాటికి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడి అడుగున ఉండే చిన్న గట్టు టైరు ఉపరితలంతో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. గుండు టైర్లతో తిరిగే లారీకి ఎఫ్‌సీ ఎలా వచ్చిందని అడిగేవాళ్లకు ఆటోనగర్‌లో ఎవరైనా జవాబు చెబుతారు. ఆ ఒక్కరోజుకు మంచి టైర్లు అద్దెకు తెచ్చి బిగిస్తారు, సాయంత్రానికి విప్పేస్తారు. రిఫ్లెక్టివ్ స్టిక్కర్ల నుంచి స్పీడ్ గవర్నర్ దాకా ఇదే వరస. ఏడాదికి ఒకరోజు చేసే తనిఖీ ఎంత గట్టిదైనా దీన్ని ఆపలేదు. టోల్ గేట్ల దగ్గర గాడి లోతు కొలిచే చిన్న గేజీతో హఠాత్తుగా తనిఖీ చేస్తే ఆగుతుంది.

అందుకే మొదట కావాల్సింది ఫలితాల కాగితం. ఫారం 38లో ఎఫ్‌సీ ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది, ఏ చక్రం ఎంత పట్టిందో ఉండదు. యంత్రం కొలిచిన వివరాలు కంప్యూటరులోనే ఉంటాయి. అవి యజమాని ఫైల్లోకో ఏజెంటు ఫోనులోకో పోతాయి తప్ప, ఆ బండితో రాత్రంతా ప్రయాణించే డ్రైవరుకు చేరవు. ప్రతి చక్రం బ్రేకు అంకె, లైనర్ మందం, టైరు గాడి లోతు, స్టీరింగ్ ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ వదులుగా తిరిగే మేర), హెడ్‌లైట్ ఫోకస్ తెలుగులో ఒక పేజీ మీద అచ్చువేసి డ్రైవరు చేతికివ్వాలి. బ్రిటన్‌లో బండి నంబరు కొట్టి ఎవరైనా దాని పాత పరీక్షల ఫలితాలు చూసుకోవచ్చు. ఇక్కడ అలా చూడగలిగితే సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడికీ మేలు, టైర్లు అద్దెకు తెచ్చేవాడికీ కొంచెం భయం.

ఇక ఫీజు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన లారీ, బస్సుకు 12,500 రూపాయలు, ఆటోకు 3,500 అయింది. 2025 నవంబరులో కేంద్రం నోటిఫై చేసిన పట్టికలో 20 ఏళ్లు దాటిన లారీ, బస్సుకు 25,000, ఆటోకు 7,000. ఎనిమిదేళ్ల లారీని పరీక్షించినా ఇరవై ఏళ్ల లారీని పరీక్షించినా అవే రోలర్లు, అంతే కరెంటు, అంతే సమయం. పాత బండ్లను తుక్కుకు పంపాలన్నది విధానమైతే దానికి వేరే దారి ఉంది. పరీక్ష ఫీజును అందుకు వాడితే, బ్రేకులు బాగున్న పాత బండి యజమాని నష్టపోతాడు, బ్రేకులు లేని కొత్త బండి యజమాని తక్కువ ఫీజుతో బయటపడతాడు. 7,000 రూపాయలతో ఆటోకు మూడు కొత్త టైర్లు వస్తాయి. ఆ డబ్బు టైర్లకు పోతే రోడ్డు మీద భద్రత పెరుగుతుంది, ఫీజుకు పోతే పెరగదు.

అంతకంటే అన్యాయమైనది రోజుకు 50 రూపాయల జరిమానా. ఎఫ్‌సీ గడువు దాటిన ప్రతి రోజుకూ ఇది పడుతుంది. ఆరు నెలలకు 9,000, ఏడాదికి 18,250. 2022 మేలో హైదరాబాదులో ఆటో, క్యాబ్ సంఘాలు బంద్ చేసింది దీని మీదే. ఎఫ్‌సీ లేకుండా రోడ్డు మీద తిరిగేవాడికి శిక్ష ఉండాల్సిందే. కానీ డ్రైవరుకు కాలు విరిగి ఆటో ఇంటి ముందు నిలబడితే కూడా ఈ మీటరు తిరుగుతూనే ఉంటుంది. బాకీ పెరిగేకొద్దీ ఎఫ్‌సీకి వెళ్లడానికి జంకుతాడు, చివరికి ఎఫ్‌సీ లేకుండానే సందుల్లో నడుపుతాడు. అప్పుడు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కోర్టులో మొదట ఎత్తి చూపేది ఎఫ్‌సీ లేదన్న సంగతినే. బండి ఆపేస్తున్నామని ముందే రాసిచ్చి త్రైమాసిక పన్ను పడకుండా చూసుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. దాన్నే ఈ జరిమానాకూ వర్తింపజేసి, మొత్తం జరిమానా ఆ బండి ఎఫ్‌సీ ఫీజును దాటకుండా హద్దు పెడితే సరిపోతుంది. డ్రైవర్లకు ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి వాహనమిత్ర కింద 10,000, 2025 అక్టోబరులో 15,000 రూపాయల సాయం అందింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం కంటే ఫీజును సరిదిద్దడం తేలిక కదా.

సొంత కారుకు ఈ బాధలేవీ లేవు. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ దాకా దాని బ్రేకులను ఎవరూ చూడరు. అదే మోడల్ కారు పసుపు బోర్డు పెట్టుకుంటే రెండేళ్లకే వరసలో నిలబడాలి. క్యాబ్ ఎక్కువ తిరుగుతుందన్నది నిజమే గానీ పద్నాలుగేళ్ల కారుకు ఒక్క పరీక్ష కూడా లేకపోవడం ఏ లెక్క? ఎనిమిదేళ్లకు ఒకసారి, పన్నెండేళ్లకు ఒకసారి బ్రేకులు, టైర్లు, దీపాలు చూస్తే చాలు. డాలస్, హ్యూస్టన్‌లలోని మనవాళ్లు ఈ మాటకు నవ్వొచ్చు. టెక్సాస్ 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు వాహనాల భద్రతా తనిఖీని ఎత్తేసింది. ఏడున్నర డాలర్ల రుసుమును మాత్రం ఉంచుకుంది.

2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 19 మంది ప్రయాణికులు కాలిపోయిన బస్సు మొదట డామన్ డయ్యూలో రిజిస్టరై, తర్వాత ఒడిశాకు మారింది. సీట్ల బస్సును స్లీపర్‌గా మార్చారని అధికారులే చెప్పారు. ఇలాంటి బస్సుకు బ్రేకు అంకెలు ఎంత బాగున్నా ఉపయోగం లేదు. రిజిస్ట్రేషన్ నాటి సీట్ల పటాన్ని పక్కన పెట్టుకుని, బెర్తులు లెక్కపెట్టి, అత్యవసర ద్వారానికి దారి ఉందో లేదో ఆ మార్గంలో మనిషి నడిచి చూడాలి. ఏ రాష్ట్రపు బస్సయినా, ఎక్కువగా తిరిగే రాష్ట్రంలో ఏడాదికొకసారి ఇది జరగాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడి బస్సుల ఎఫ్‌సీ గడువు మే 15తో ముగుస్తుంది. జూన్‌లో బడులు తెరిచే ముందు వారంలో వందల బస్సులు ఒకేసారి వచ్చి పడతాయి, కంతలోంచి లైనర్ చూసే అర నిమిషం దొరకనిది సరిగ్గా అప్పుడే. ఏప్రిల్ నెలాఖరు నుంచే బడులవారీగా తేదీలు కేటాయిస్తే ఈ తొక్కిసలాట ఉండదు. తల్లిదండ్రులు బస్సు నంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఎఫ్‌సీ తేదీ చూసుకోవచ్చు. మొదటి రోజు బస్సు వచ్చినప్పుడు అత్యవసర ద్వారాన్ని ఒకసారి తెరిచి చూపించమని డ్రైవరును అడగండి. తుప్పు పట్టి తెరుచుకోకపోతే ఆ సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ