వార్షిక నివేదిక: పిల్లల చేతికి సిగరెట్ ఎలా వస్తోంది?

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ పూడికతీత, వీధి దీపాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ, జమాఖర్చుల వివరాలు విడిగా జతచేశాం. ఇక్కడ ఎక్కువ చోటు ఒక్క విషయానికే ఇస్తున్నాను.

వేసవి సెలవుల్లో వాటర్ ట్యాంకు వెనక ముగ్గురు తొమ్మిదో తరగతి పిల్లలు ఒకే సిగరెట్ మార్చి మార్చి తాగుతూ కనిపించారు. తల్లిదండ్రులను పిలిపిద్దామని కొందరన్నారు. ముందు పిల్లలతోనే మాట్లాడదామని మహిళా సభ్యులు పట్టుబట్టారు. అదే మంచిదైంది. "నాన్నకి తేవడానికి రోజూ వెళ్తాను కదా ఆంటీ, కొట్టు అంకుల్ ఏమీ అడగడు" అన్నాడు ఒకడు. మనలో చాలామందిమి పిల్లల్ని అలా పంపినవాళ్లమే. నేనూ పంపాను.

కొట్టుకు వెళ్లి చూశాం. చాక్లెట్ సీసాల పక్కనే తెరిచిన సిగరెట్ పెట్టె, దారానికి వేలాడే లైటరు, అదీ సరిగ్గా పిల్లల కళ్ల ఎత్తులో. పెట్టె మొత్తం కొనే డబ్బు వాళ్ల దగ్గర ఉండదు. విడిగా ఒకటి అమ్మబట్టే జేబుఖర్చు సరిపోతోంది. పెట్టె మీద 85 శాతం మేర ముద్రించే హెచ్చరిక కూడా విడి సిగరెట్ కొన్నవాడి చేతికి రాదు.

2019 ప్రపంచ యువత పొగాకు సర్వే ప్రకారం, మన దేశంలో సిగరెట్ తాగి చూసిన 13-15 ఏళ్ల విద్యార్థుల్లో 38 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. కాబట్టి ఇంటర్‌కి వచ్చాక చెబుదాంలే అనుకుంటే ఆలస్యమే. ఆ వయసులో చదువు టెన్షన్, "ఇంకా పసిపిల్లాడివేంట్రా" అనే స్నేహితుల ఎగతాళి తోడవుతాయి.

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపు అసలే అమ్మకూడదు. బడి నుంచి టేపు పట్టి కొలిస్తే కొట్టు ఆ లోపే ఉంది. అతనిదీ బతుకుతెరువే కనుక గొడవపడలేదు, నచ్చజెప్పాం. లైటరు తీసేశాడు, పిల్లలకు ఇవ్వడం మానేశాడు. అమ్మకం మాత్రం పూర్తిగా ఆపలేదు.

ఇంట్లో మానాలనుకునే పెద్దల కోసం ప్రభుత్వ ఉచిత సలహా నంబరు 1800-11-2356ను నోటీసు బోర్డులో పెట్టాం. ఏ ఇంటి నుంచీ పిల్లల్ని సిగరెట్‌కి పంపకూడదన్న తీర్మానం ఈ సమావేశంలో మీ ముందుకొస్తుంది. వచ్చే ఆదివారం ఉదయం మళ్లీ కొట్టుకు వెళ్తున్నాం. రాగలిగినవారు పేర్లివ్వండి.

కార్యదర్శి