పేరులేని వ్యంగ్యానికి పూచీ ఎవరిది?

సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ ఆదివారం సంచికలో మారుపేర్లతో వెలువడే వ్యంగ్య రచనలను శ్రద్ధగా చదివే విశాఖ పాఠకులలో నేనొకడిని. ఆ రచనలు ఆగిపోవాలని నేను కోరడం లేదు. వాటికి పూచీ ఎవరు పడుతున్నారో పాఠకుడికి తెలియాలని మాత్రమే కోరుతున్నాను. ఇది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి, తెలుగులో అంతగా ప్రస్తావనకు రాని యూస్టస్ గ్రెన్‌విల్ మర్రే అనే పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ రచయిత జీవితాన్ని మీ ముందుంచుతున్నాను.

ఒక డ్యూక్ కుమారుడిగా, అయితే వివాహబంధానికి వెలుపల పుట్టిన మర్రే, బ్రిటిష్ విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ ప్రభువు ప్రాపకంతో దౌత్య శాఖలో చేరి వియన్నాలోని బ్రిటిష్ రాయబార కార్యాలయానికి వెళ్లాడు. అక్కడ ఉద్యోగం చేస్తూనే లండన్ పత్రిక మార్నింగ్ పోస్ట్‌కు రహస్యంగా వార్తలు పంపేవాడు. సంగతి బయటపడి రాయబారి ఆగ్రహించడంతో వియన్నాలో అతనికి చోటు లేకపోయింది. రాయబార కార్యాలయంలో కూర్చుని పత్రికకు విలేఖరిగా పనిచేయడం తప్పేనని, ఆ రాయబారి కోపంలో న్యాయముందని నా అభిప్రాయం.

తరువాత కాన్‌స్టాంటినోపుల్‌కు (నేటి ఇస్తాంబుల్) వెళ్లిన మర్రే, నవలాకారుడు చార్లెస్ డికెన్స్ నడిపే హౌస్‌హోల్డ్ వర్డ్స్ వారపత్రికలో ‘రోవింగ్ ఇంగ్లిష్‌మన్’ శీర్షికన రాసిన రచనల్లో, తన పై అధికారి, మహా ప్రతాపశాలిగా పేరొందిన రాయబారి స్ట్రాట్‌ఫర్డ్ కానింగ్‌ను ‘సర్ హెక్టర్ స్టబుల్’ అనే పాత్రగా మలిచి ఎగతాళి చేశాడు. దాపరికంగా వార్తలు పంపడానికీ దీనికీ నేను తేడా చూస్తాను. దర్పం, సిఫార్సులు, కాగితాల చుట్టూ తిరిగే కాలయాపన కలిసి ఒక కార్యాలయాన్ని ఎలా నడుపుతాయో ఆ కార్యాలయంలో కూర్చున్నవాడికి తెలిసినంతగా బయటివాడికి తెలియదు. ఆ ఎరుకే అతని రచనకు బలం. 1855 నుంచి 1868 వరకు అతను నల్లసముద్రపు ఓడరేవు ఒడెస్సాలో కాన్సల్ జనరల్‌గా పనిచేశాడు. ఆ పదవి పోయాక లండన్‌కు తిరిగివచ్చి, 1869లో క్వీన్స్ మెసెంజర్ అనే వ్యంగ్య వారపత్రికను స్థాపించాడు.

అసలు విషాదం అక్కడే మొదలైంది. కారింగ్టన్ అనే యువ ప్రభువు తండ్రిని గేలిచేస్తూ ఆ పత్రికలో పేరులేని వ్యాసం ఒకటి వచ్చింది. అప్పటికే ఆ తండ్రి మరణించి ఉన్నాడు. 1869 జూన్ 22న లండన్‌లోని కన్సర్వేటివ్ క్లబ్ గుమ్మం దగ్గర కారింగ్టన్ మర్రేను కొరడాతో కొట్టాడు. కొట్టినవాడిని న్యాయస్థానం దోషిగానే తేల్చినా పూచీకత్తు మీద వదిలేసింది. దెబ్బలు తిన్న మర్రే మాత్రం, ఆ వ్యాసం రాసింది తాను కాదని ప్రమాణం చేసి చెప్పినందుకు అబద్ధ సాక్ష్యం కేసులో చిక్కుకున్నాడు. జామీను మీద ఉండగానే పారిస్‌కు వెళ్లిపోయి, మళ్లీ స్వదేశంలో అడుగుపెట్టలేదు. ‘ది మెంబర్ ఫర్ పారిస్’ వంటి నవలలు ఆ ప్రవాసంలో రాసినవే. 1874లో పాత్రికేయుడు ఎడ్మండ్ యేట్స్‌తో కలిసి ది వరల్డ్ అనే పత్రికను మొదలుపెట్టాడు. 1881 డిసెంబరులో పారిస్‌లోని పాసీ ప్రాంతంలో కన్నుమూశాడు.

కొరడా పట్టుకున్న చేతిని నేను ఎన్నటికీ సమర్థించను. అయితే మర్రేను దేశం దాటించింది ఆ కొరడా కాదు. ‘ఇది నా పత్రిక, ఇందులో అచ్చయిన ప్రతి అక్షరానికీ నాదే పూచీ’ అని అతను న్యాయస్థానంలో చెప్పి ఉంటే, పరువునష్టం దావా ఎదుర్కొని ఉండేవాడేమో గాని, ప్రమాణం తప్పినవాడన్న నింద మోయవలసి వచ్చేది కాదు.

మన వద్ద వేరే ఉదాహరణ ఉంది. ది వరల్డ్ పుట్టిన 1874లోనే కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధనిని ప్రారంభించారు. అధికారుల లంచగొండితనాన్నీ వకీళ్ల అక్రమాలనూ ఆ పత్రికలో ఎండగట్టారు. కొంతకాలానికి హాస్యసంజీవనిని కూడా నడిపారు. శత్రువులు ఎందరు పెరిగినా ఆ పత్రికలు తనవేనని చెప్పుకోవడానికి ఆయన వెనుదీయలేదు.

మారుపేర్ల అవసరాన్ని నేను కాదనడం లేదు. ఓడరేవు, రైల్వే, ఉక్కు కర్మాగారం, నౌకాదళ కార్యాలయాలు ఉన్న మా నగరంలో రాసే చేయి ఉన్న ఉద్యోగులు చాలామంది ఉన్నారు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి, సొంత పేరుతో గాని, పేరు లేకుండా గాని, మారుపేరుతో గాని ప్రభుత్వ విధానాలను విమర్శించరాదని స్పష్టంగా చెబుతుంది. సాహిత్య రచనకు అడ్డులేదు గాని, వ్యంగ్యం ఎక్కడ సాహిత్యంగా ముగుస్తుందో, ఎక్కడ విమర్శగా మొదలవుతుందో తేల్చేది ఆ ఉద్యోగి పై అధికారే. అందుచేత ఒంటరి రచయితపై భారమంతా వేయడం న్యాయం కాదు.

కనుక నా వినతి ఇది. మారుపేరుతో వచ్చే ప్రతి వ్యంగ్య రచన కింద, రచయిత వివరాలు సంపాదకుడి వద్ద ఉన్నాయని, రచనకు పత్రికదే బాధ్యత అని ఒక వాక్యం వేయండి. చివరి పేజీ అడుగున ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు చట్టప్రకారం వేస్తూనే ఉన్నారు. అయినా రచన చదివిన చోటనే ఆ హామీ పాఠకుడికి కనబడాలి. వ్యంగ్యానికి గురైనవారు, లేదా మరణించినవారి కుటుంబసభ్యులు సమాధానం పంపితే, దానిని అదే పేజీలో, అంతే స్థలమిచ్చి ప్రచురించండి.

నా పూర్తి పేరు, చిరునామా ఈ లేఖకు విడిగా జతపరిచాను. వాటిని ప్రచురించడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం.