రెఫరీ లేని రాత్రి

విశాఖపట్నం,
10 డిసెంబరు 2023, ఆదివారం.

ప్రియమైన రెఫరీకి,

నీ ఉత్తరం దసరాకు ముందే అందింది. దానికి జవాబు కార్తికం వెళ్లిపోతుండగా రాస్తున్నందుకు నన్ను క్షమించు. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసిన కాగితాలు ఇంకా సొరుగులోనే ఉన్నాయి. ఇవాళ రాత్రి బండికి మా బావ పుణే వస్తున్నాడు. ఆయన చేతికి ఈ ఉత్తరమూ, నీకిష్టమైన మాడుగుల హల్వా ఇచ్చి పంపుతున్నాను కాబట్టి ఈసారి ముగించక తప్పదు.

ఇంటి సంగతులు త్వరగా చెప్పేస్తాను. అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. చిన్నదానికి దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు. ప్రపంచకప్పు ఫైనల్ జరిగిన రాత్రే మన చేపల రేవులో పడవలు తగలబడ్డ వార్త నువ్వు చూసే ఉంటావు. అది రెండు ముక్కల్లో చెప్పదగినది కాదు, విడిగా రాస్తాను. తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, మన ఊరికి వానతో పోయింది.

నిన్న రాత్రి నేను ఎడిటర్ మనసు విరిచాను. అది నీకు చెప్పకుండా ఉండలేను.

సందీప్ రెడ్డి వంగా తీసిన 'యానిమల్' ఈ నెల 1న విడుదలయింది. వానల వల్ల వారం ఆగి, నిన్న సాయంత్రం మొదటి ఆటకు జగదాంబ కూడలి దగ్గర మన పాత హాలుకు వెళ్లాం. నేను, మన స్టీల్‌ప్లాంటు మిత్రుడు ఉక్కు, వదిన, ఎడిటర్. మూడో వరుస ఒప్పందాన్ని ఎవరూ తప్పలేదు. నీ పేరిట కూడా ఒక టికెట్టు కొని, ఆ కుర్చీలో ఉక్కు తన బండి హెల్మెట్ పెట్టాడు. సినిమా నిడివి మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. పెళ్లి వీడియోలను పదేళ్లుగా కత్తిరిస్తున్న మన ఎడిటర్ దాన్ని నిమిషాల్లో తప్ప చెప్పడు: 201. కూర్పు కూడా వంగాయే చేసుకున్నాడని, తన సినిమాను తానే కత్తిరించుకోగల దర్శకుడికి ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పనవసరం లేదని, టికెట్ల వరుసలో నిలబడినప్పుడే మాకు చెప్పాడు.

నాకు నచ్చినవి ముందు రాస్తాను, లేకపోతే నువ్వు నన్ను పక్షపాతి అంటావు. విరామానికి ముందు హోటల్లో జరిగే పోరాటం ఉంది చూడు, గొడ్డలి పట్టుకున్న రణ్‌బీర్ కపూర్ మీదికి ముసుగు మనుషులు గుంపులుగా వచ్చిపడుతుంటే నేను కుర్చీ అంచుకు వచ్చేశాను, చప్పట్లు కొట్టాను. హర్షవర్ధన్ రామేశ్వర్ నేపథ్య సంగీతం కుర్చీలోంచి వెన్నులోకి ఎక్కింది. 'అర్జున్ రెడ్డి'కి నేపథ్య సంగీతం ఇచ్చినవాడూ అతడేనని ఎడిటర్ నా చెవిలో చెప్పాడు. మూగవాడిగా వచ్చే బాబీ దేవోల్ ఒక్క మాటా లేకుండా అంత భయపెడతాడని నేను అనుకోలేదు. తండ్రి కోసం పరితపించే కొడుకుగా రణ్‌బీర్ ముఖంలో కనిపించిన ఆకలి నిజమైనది. దాన్ని కాదనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఆ తర్వాత బూటు సన్నివేశం వచ్చింది. ప్రేమ నిరూపించుకోవాలంటే తన బూటు నాకమని కథానాయకుడు ఒక అమ్మాయితో అంటాడు. మా ముందు వరుసల్లో ఎవరో ఈల వేశారు. ఆ ఈలకు మరో నాలుగు ఈలలు తోడయ్యాయి. నా పక్కన కూర్చున్న వదిన తెర మీదినుంచి చూపు తిప్పి, ఈలలు వచ్చిన వరుసను చూసింది. చీకట్లో ఒక్కొక్క తలనూ లెక్కపెడుతున్నట్టుగా, సన్నివేశం అయిపోయేవరకూ అటే చూసింది. ఆ తర్వాతి పావుగంట సినిమా నాకు సరిగా గుర్తులేదు, ఎందుకంటే నేను వదిననే గమనిస్తూ ఉన్నాను.

పదిగంటల వేళ జలాంతర్గామి మ్యూజియం ఎదురుగా గోడ మీద కూర్చున్నాం. వానలు వెలిసిన తర్వాత సముద్రం ఇంకా మట్టిరంగులోనే ఉందని దీపాల వెలుతురులో కూడా తెలుస్తోంది. మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడు బొగ్గులు విసురుతుంటే నిప్పురవ్వలు మా మీదికి వస్తున్నాయి. నువ్వు ఉండి ఉంటే, మెడలో ఆ ఎన్‌సీసీ ఈల వేసుకుని, ఒక్కొక్కరికీ రెండు నిమిషాలే ఇచ్చేవాడివి. నిన్న ఎవరికీ గడువు లేదు.

మొదలుపెట్టినవాడు ఉక్కు. సినిమాలో తండ్రి అనిల్ కపూర్ పెద్ద ఉక్కు పరిశ్రమ యజమాని, దాని పేరు స్వస్తిక్ స్టీల్. కొడుకు ఫ్యాక్టరీలో కార్మికుల ముందు నిలబడి, తన తండ్రిని కాల్చినవాడి గొంతు కోస్తానని ఉపన్యాసం ఇస్తే వాళ్లంతా జేజేలు కొడతారు. ఉక్కు కోపం అక్కడ. అతని మాటలు దాదాపు యథాతథంగా రాస్తున్నాను: "నేను గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గరా పనిచేసినవాణ్ని. కరిగిన ఇనుము కాలువలోకి దిగుతుంటే ముఖం మీద వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. మూడు గంటల ఇరవై నిమిషాల్లో ఆ వేడి ఒక్క క్షణం చూపించలేదు. కార్మికులంటే చిన్నయజమాని పగకు చప్పట్లు కొట్టే గుంపా? ప్లాంటును ప్రైవేటుకు అమ్మొద్దని కూర్మన్నపాలెంలో మావాళ్లు వెయ్యి రోజులు దాటి శిబిరంలో కూర్చున్నారు. వాళ్లకు నోళ్లున్నాయి, సొంత మాటలున్నాయి." ఇలాంటి అభ్యంతరం ఈ సినిమా మీద ఇంతవరకూ ఎవరూ చెప్పగా నేను వినలేదు. మన ఊరివాడే చెప్పగలడు దాన్ని. ఎడిటర్ కూడా ఒక క్షణం మౌనంగా ఉండి, "కథ ఉక్కు గురించి కాదు, నాన్న గురించి" అన్నాడు.

వదిన మాత్రం వేరే దారిలో వచ్చింది. ట్రైలర్లో పళ్లు బిగించి మాట్లాడిందని రష్మికను అందరూ ఎగతాళి చేశారు కదా, ఆ సన్నివేశమే సినిమా మొత్తంలో ఉత్తమమైనదని ఆమె అంది. భర్త చేసిన ద్రోహం తెలిసిన రాత్రి, ఉపవాసం ఉన్న భార్య అతణ్ని నిలదీసే ఆ సంభాషణను ఆడదాని కోపం తెలియనివాడు రాయలేడని ఆమె అభిప్రాయం. "అంత బాగా రాయగలిగినవాడు ఆమెకు ఆ గదిలో తప్ప సినిమాలో మరెక్కడా చోటివ్వలేదు. చేతకానివాడైతే నేను బాధపడను, చేతనైనవాడు కాబట్టే బాధ" అని ముగించింది. ఈ మాట దగ్గర మేమంతా ఆగి ఉండాల్సింది.

ఆగలేదు. 'అర్జున్ రెడ్డి'ని హిందీలో తిరిగి తీసిన 'కబీర్ సింగ్' మీద 2019లో విమర్శలు వచ్చినప్పుడు ఒక ముఖాముఖిలో వంగా, దీన్నే హింస అంటున్నారు కాబట్టి అసలు హింసాత్మకమైన సినిమా ఎలా ఉంటుందో చూపిస్తానన్నట్టుగా మాట్లాడిన సంగతి నేను ఎత్తాను. నా వాదన ఇది. ఈ సినిమాలో అతడు కథ చెబుతున్నాడు, దాంతోపాటు విమర్శకులకు జవాబు కూడా చెబుతున్నాడు. విమర్శకులు ఎంత కోప్పడతారో కొలిచి మరీ కొన్ని సన్నివేశాలు పెట్టాడు. అందుకే చప్పట్లు కొట్టే అభిమానులమైనా, తిట్టేవాళ్లమైనా, అందరం అతడు ముందే వేసిన పీట మీద కూర్చున్నాం. మొన్న గురువారం రాజ్యసభలో రంజీత్ రంజన్ అనే సభ్యురాలు, తన కూతురు ఈ సినిమా మధ్యలోనే ఏడుస్తూ లేచి వచ్చేసిందని చెప్పినది కూడా ఎడిటర్‌కు గుర్తుచేశాను. ఆ అమ్మాయి కన్నీళ్లకు నువ్వేం చెబుతావు అని అడిగాను.

అప్పుడు ఎడిటర్ నా వైపు తిరిగి, నెమ్మదిగా అన్నాడు: "కథానాయకుడు చేసేదంతా దర్శకుడు సమర్థిస్తున్నట్టు కాదు. అది ఆ పాత్ర స్వభావం."

రెఫరీ, ఆ వాక్యం ఎవరిదో నీకు తెలుసు. అది నాది. 2017 ఆగస్టులో 'అర్జున్ రెడ్డి' వచ్చిన వారం, హైదరాబాదులో బస్సు మీది ముద్దు పోస్టరును కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు చింపేశారని మనం ఊగిపోతున్న రోజుల్లో, మా ఇంటి వరండాలో అక్క ఒక్క ప్రశ్న వేసింది. ఆ పిల్ల పేరైనా సరిగా తెలియకముందే అతడు ఆమెను తనదని ప్రకటించి, అడగకుండా ముద్దుపెడితే, ఆ పిల్ల ఏమనుకుందో సినిమాలో ఎక్కడైనా ఉందా అని. నేను అక్షరం పొల్లుపోకుండా ఆ వాక్యమే చెప్పాను. నువ్వు ఈల ఊది నాకు గెలుపు ప్రకటించావు. అక్క ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆరేళ్లుగా నేను ఎన్ని చోట్ల ఆ వాక్యం వాడానో లెక్కలేదు. ఎడిటర్ దాన్ని నా దగ్గరే నేర్చుకున్నాడు. నా మాట నాకే వినిపించేసరికి, నాకు వచ్చిన కోపం అతని మీద రావలసినది కాదు, కానీ ఎదురుగా ఉన్నవాడు అతడే.

నేనన్నాను: "మీ నాన్న పోయినప్పటినుంచి నీకు సినిమాలో ఏ తండ్రి కనిపించినా కళ్లు మసకబారిపోతున్నాయి. దీనిలో పారిన నెత్తురంతా నీకు కన్నీళ్లలాగే కనిపిస్తోంది."

అన్న వెంటనే నాకు తెలిసింది. 2021 మే నెలలో ఆసుపత్రి గేటు బయట అతడు మూడు రోజులు నిలబడ్డాడు. లోపలికి వెళ్లనివ్వలేదు. చివరిసారి మాట్లాడినప్పుడు ఇద్దరూ కెమెరా కొనడం గురించి పోట్లాడుకున్నారని మనకు తప్ప ఎవరికీ తెలియదు. హాల్లో నేనొకటి చూశాను, అయినా ఆ మాట అన్నాను. సినిమాలో తండ్రీ కొడుకులు పాత్రలు మార్చుకుని, నువ్వు నేనైతే నేను నువ్వైతే అని మాట్లాడుకునే సన్నివేశంలో ఎడిటర్ చేతిలోని టికెట్టు ముక్కను మడత మీద మడత పెడుతూ, ఇక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యేదాకా మడిచాడు. ఆ తర్వాత దాన్ని పారేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

గోడ మీదినుంచి అతడు లేచాడు. సగం తిన్న పొత్తును దాని ఆకులోనే మళ్లీ చుట్టి, గోడ మీద జాగ్రత్తగా పెట్టాడు. వదినకు వెళ్లొస్తానని చెప్పాడు. నాకు చెప్పలేదు. బండి స్టార్టయిన చప్పుడు కోస్టల్ బ్యాటరీ వైపు వెళ్లిపోయేదాకా మేం ముగ్గురం అలాగే కూర్చున్నాం. "నువ్వన్నది సినిమా గురించి కాదు" అంది వదిన. నేను తల ఊపాను.

ఈ ఉదయం నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. గాజువాకలో అతని స్టూడియోకు మధ్యాహ్నం వెళ్తే షట్టరు సగం దించి ఉంది, లోపల ఏదో పెళ్లి వీడియో సన్నాయి చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. ఒకే ముక్కను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసుకుంటున్నట్టుంది. బయట అయిదు నిమిషాలు నిలబడి తిరిగొచ్చేశాను. షట్టరు తట్టవలసింది. ఎందుకు తట్టలేదో...

సినిమా మీద నా అభిప్రాయాన్ని నేను వెనక్కి తీసుకోవడం లేదు, ఆ మాట నీకు స్పష్టంగా రాస్తున్నాను. బూటు సన్నివేశానికి వచ్చిన ఈలలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి, వాటికి ఆ దర్శకుడికి సంబంధం లేదని నేను ఒప్పుకోను. కానీ ఎడిటర్ ఏడ్చిన చోట ఏడవడానికి అతనికి హక్కు ఉంది. ఆ సినిమా అతనికి ఇచ్చినదాన్ని నేను లాక్కోబోయాను. ఈ రెండూ కలిపి ఎలా చెప్పాలో నాకు రావడం లేదు, చెప్పబోతే మళ్లీ వాదనలాగే వినిపిస్తుంది.

అందుకే నిన్ను అడుగుతున్నాను. ఈ ఉత్తరం అందిన రోజే అతనికి ఫోన్ చెయ్యి. నా తరఫున వాదించకు. కెమెరా గురించి అడుగు, చివరికి ఏది కొన్నాడో అడుగు, ఆ మాట మీద అతడు చాలాసేపు మాట్లాడతాడు. తర్వాత వీలైతే, మీ మూడో వరుసలో నా టికెట్టు ముక్క ఎవరి దగ్గర ఉంది అని అడిగి చూడు; దాని అర్థం అతనికి తెలుస్తుంది. అక్కకు కూడా నేను ఒక జవాబు బాకీ ఉన్నాను. సంక్రాంతికి తను వస్తుంది, అప్పుడు నువ్వు కూడా రాగలిగితే ఆ వరండాలోనే, ఈసారి ఈల లేకుండా...

బావ కింద ఆటోలో కూర్చుని పిలుస్తున్నాడు. హల్వా డబ్బా మూత గట్టిగా పట్టదు, తిన్నగా పట్టుకోమని చెప్పాను. ఇంకా రాయవలసింది ఉంది కానీ బండి తప్పిపోతుంది.

నీ
మూడో వరుస మిత్రుడు