చెక్క నేల ఉన్న హాలు మధ్యాహ్నం ఖాళీ, మేం బండల మీద

సంపాదకుడు గారికి,

కడప నగరంలో ప్రజల సొమ్ముతో కట్టిన ఇండోర్ హాలు ఒకటి ఉంది. దాని నేల చెక్కది. ఉదయం, సాయంత్రం షటిల్ ఆడేవారితో సందడిగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా తాళం వేసి ఉంటుంది. ఆ వేళలో వారానికి రెండు రోజులు నృత్య సాధనకు అద్దెకు ఇవ్వమని అడిగితే, ‘మీది క్రీడల జాబితాలో లేదు’ అన్న ఒక్క వాక్యంతో నా దరఖాస్తు తిరిగి వచ్చింది. పట్టించుకోవలసిన వారి కంట పడుతుందన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను.

నేను డాన్స్ మాస్టర్‌ని. నాకు పూట గడిచేది పెళ్లిళ్ల సంగీత్ కార్యక్రమాలతో, పాఠశాలల వార్షికోత్సవాలతో. ఇష్టంగా నేర్పేది మాత్రం బాల్‌రూమ్ నృత్యం: వాల్ట్జ్, టాంగో, ఫాక్స్‌ట్రాట్ వంటి జంట నృత్యాలు. కడపలో ఇవి నేర్చుకునేవారు కూడా ఉన్నారా అని చాలామంది నవ్వుతారు. ఉన్నారు. తక్కువమందే, కానీ మానకుండా వస్తారు. వారిలో ఒకరు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయిని. యాభై దాటాయి. ఇటీవల బెంగళూరులో జరిగిన ఔత్సాహికుల పోటీకి ఆమెతో కలిసి వెళ్లాను. ఆమె భర్త కూడా వచ్చారు. దుస్తుల పెట్టె మోసింది ఆయనే, వీడియో తీసిందీ ఆయనే.

ఇలాంటి పోటీలో విద్యార్థి తన గురువుతో కలిసి నర్తించే విభాగం ఒకటి ఉంటుంది. చూసేది విద్యార్థినే, గురువు ఎంత బాగా చేసినా లెక్కలోకి రాదు. తొలి వడపోతలో న్యాయనిర్ణేతలు అంకెలు వేయరు. తర్వాతి రౌండుకు ఎవరిని పిలవాలనుకుంటే వారి నంబరుకు ఎదురుగా గీత పెడతారు, అంతే. ఎక్కువ గీతలు పడినవారు ముందుకు వెళతారు.

ముందు వాల్ట్జ్ వచ్చింది. సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే తిశ్రగతి, అంటే మూడేసి లెక్కలకు ఒక ఆవృత్తం. మొదటి లెక్కకు మోకాలు వంచి కాలు బాగా సాగదీయాలి, రెండు, మూడు లెక్కలకు మునివేళ్ల మీదికి లేవాలి, మూడో లెక్క చివరన మడమను మెత్తగా దించాలి. పోటీల్లో ఇది నిమిషానికి 28 నుంచి 30 ఆవృత్తాల వేగంతో సాగుతుంది. అంటే నిమిషానికి 84 నుంచి 90 లెక్కలు. పైగా హాలులో ఉన్న జంటలన్నీ గడియారపు ముల్లుకు ఎదురు దిశలో ఒకరి వెంట ఒకరు తిరుగుతూ ఉంటాయి. మధ్యలో ఆగితే వెనక జంట వచ్చి తగులుతుంది.

మా మేడమ్ వాల్ట్జ్ నేర్చుకున్నది ఒక కల్యాణ మండపం పై అంతస్తులో, నాపరాళ్ల మీద. రెండడుగుల బండలు, వాటి మధ్య సిమెంటు సందులు. లెక్కల టీచరు కదా, ఆ సందుల్నే కొలబద్దగా పెట్టుకున్నారు. అడుగుకు ఒక బండ దాటాలి, మూలకు ఇన్ని బండలు ఉండగా తిరగాలి. తల వంచి చూస్తారు కాబట్టి నేను ప్రతిరోజూ కోప్పడేవాణ్ని. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే: “తల ఎత్తమంటే ఎత్తుతాను మాస్టర్, మడమ సందులో ఇరుక్కుని పడితే మీరు పట్టుకుంటారా?” రెండంగుళాల మడమ ఉన్న చెప్పులతో బండల మీద తిరిగేవారికి ఆ భయం ఊరికే రాదు.

బెంగళూరు హాలులో నేల చెక్కది. కింద దూలాలు, వాటి మధ్య మెత్తలు, పైన సన్నని పలకలు. అడుగు పడితే నేల కొద్దిగా లొంగి తిరిగి పైకి తోస్తుంది. మొదటి మలుపు దాకా బాగానే వెళ్లాం. పొడవు వైపు తిరిగాక, బండల మీద సాగదీసే బలంతోనే ఆమె కాలు సాగదీస్తే ఆ నేల మీద అది జానెడు ఎక్కువే జారింది. మూలకు అనుకున్నదాని కంటే ముందే చేరిపోయాం. రెండో పాదం దగ్గరికి చేరడం ఆలస్యమై తాళం తప్పింది. కంగారులో ఆమె కళ్లు సందుల కోసం కిందికి వెళ్లాయి. అక్కడ సందులు లేవు. ఐదుగురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరే గీత పెట్టారు. వాల్ట్జ్ అక్కడితో ముగిసింది.

గంట తర్వాత టాంగో. టాంగోలో లేవడం, దిగడం ఉండవు. మోకాళ్లు వంచి, ఒకే ఎత్తులో, అడుగును దించినచోట దించినట్టే నిలపాలి. బండలు ఆ పనికి అడ్డం రావు. ఆమె తల కూడా దానంతట అదే పైకి లేచింది. ఫైనల్‌కు వెళ్లారు, నాలుగో స్థానం వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె భర్త ఆ వీడియోను ఎన్నిసార్లు చూపించారో! మేడమ్ మాత్రం వాల్ట్జ్ వీడియోనే అడిగి మళ్లీ మళ్లీ చూశారు.

తప్పంతా నేలదే అని నేను అనను. బెంగళూరు వారికి మంచి శిక్షణ ఉంది, పోటీల అలవాటు ఉంది. కానీ అదే మనిషి, అదే రోజు, అదే జోడీ. లేచి దిగే నృత్యంలో తొలి రౌండులోనే ఆగిపోయి, లేచి దిగనవసరం లేని నృత్యంలో ఫైనల్‌కు చేరారు. ఇందులో నేల పాత్ర ఏమీ లేదంటే నేను ఒప్పుకోలేను.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి వెళ్లే నాపరాయి వల్ల మన ఊరి పేరు ఎక్కడెక్కడో వంటగదుల్లో కూడా వినిపిస్తుంది. వంటగట్టుకు, గడపకు, అరుగుకు దానికి సాటి లేదు. మోకాళ్లకు మాత్రం అది జాలి చూపదు. ఇది నా ఒక్కడి బాధ కూడా కాదు. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలు చెప్పులు కూడా లేకుండా ఇవే బండల మీద, టైల్స్ మీద గంటసేపు పాదాలు తాటిస్తారు. పిక్కలు పట్టేశాయని, మడమలు నొప్పులని తల్లులు చెబుతుంటారు. మన పల్లెల్లో చెక్కభజన బృందాలు గుడి ముందు మట్టి నేల మీద గంటల తరబడి ఎగిరి దూకేవి. మట్టి అడుగును తనలోకి తీసుకుంటుంది. ఆ ఖాళీ స్థలాలన్నిటికీ సిమెంటు పోశాం, సాధన మాత్రం ఆగలేదు.

ఇక అభ్యంతరాల సంగతి. జాబితాలో లేదన్నారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1997లోనే డాన్స్ స్పోర్ట్‌ను, అంటే పోటీగా సాగే ఇలాంటి నృత్యాలను, గుర్తించింది. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వాల్ట్జ్, టాంగోలకు కూడా పతకాలు ఇచ్చారు. అక్కడ పతకం ఇచ్చినదానికి ఇక్కడ మధ్యాహ్నం గంటన్నర ఇవ్వడానికి జాబితా ఎందుకు అడ్డం వస్తుందో నాకు అర్థం కాలేదు. అయినా అది క్రీడా కళా అన్న చర్చ నాకు అక్కర్లేదు. క్రీడ అంటే క్రీడ, కళ అంటే కళ. తలుపు తెరిస్తే చాలు.

చెక్క మీద గీతలు పడతాయన్నది రెండో మాట. ఇది న్యాయమైన భయమే. బాల్‌రూమ్ చెప్పులకు అడుగున మెత్తని స్వెడ్ తోలు ఉంటుంది, అది గీతలు పెట్టదు. ఆడవారి మడమలకు తొడిగే ప్లాస్టిక్ తొడుగులు కొద్ది ఖర్చుకే దొరుకుతాయి. తొడుగు లేనివారిని లోపలికి రానివ్వవద్దని షరతు పెట్టండి. షటిల్ కోసం పరిచిన మ్యాట్లను మేమే చుట్టి పక్కన పెడతాం, వెళ్లేటప్పుడు మేమే పరుస్తాం. ఆ మ్యాట్ల మీద స్వెడ్ కదలదు కాబట్టి వాటిని తీయడం మాకూ అవసరమే.

మూడో అభ్యంతరాన్ని కాగితం మీద ఎవరూ రాయరు. ఆడ, మగ చేతులు పట్టుకుని తిరుగుతారట, బయట నలుగురూ ఏమనుకుంటారట. వరండాలో నిలబడితే ఈ మాట నా చెవిన పడింది. తలుపులు, కిటికీలు తెరిచే ఉంచుతాం, ఎవరైనా వచ్చి కూర్చుని చూడవచ్చు. చూసినవారికి కనిపించేది చెమట, లెక్క తప్పినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి చేయడం, అంతే. మా మేడమ్ భర్తకు లేని అభ్యంతరం మరొకరికి ఎందుకో వారే చెప్పాలి.

కళాక్షేత్రం వేదిక తీసుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు అన్నారు. వేదిక ప్రదర్శనకు. వారానికి రెండు రోజుల సాధనకు ఆ అద్దె భరించే స్తోమత, నెలకు కొద్దిపాటి ఫీజులతో బండి లాగే మాస్టర్లెవరికీ ఉండదు. పైగా అక్కడ ఒక జంట తిరగవచ్చు గానీ ఆరు జంటలు ఒకరి వెంట ఒకరు తిరిగే చోటు ఉండదు. పోటీలో తగలకుండా తప్పించుకోవడం నేర్చుకోవాలంటే ఆ చోటు కావాలి.

నేను అడుగుతున్నది ఉచితంగా కాదు. షటిల్ ఆడేవారు గంటకు ఎంత కడుతున్నారో అంతే కడతాం. మధ్యాహ్నం తాళం తీసి వేసే మనిషికి అదనంగా ఇవ్వవలసింది కూడా మా మీదే వేయండి. వారంలో ఒక రోజు మాకు, ఒక రోజు కూచిపూడి పిల్లలకు ఇచ్చినా సరే. ఎండాకాలంలో ఆ వేళ రేకుల కింద ఎంత వేడిగా ఉంటుందో తెలుసు. దానికీ సిద్ధపడే అడుగుతున్నాం. ఇకముందు నగరంలో సామాజిక భవనం ఏది కట్టినా, అందులో ఒక గదికి చెక్క నేల వేసే ఆలోచన చేయమని నగరపాలక సంస్థను కూడా కోరుతున్నాను.

ఈ వారంలో మళ్లీ దరఖాస్తు ఇస్తున్నాను. ఈసారి జాబితా గురించి కాకుండా, ఏ రోజు ఏ వేళ హాలు ఖాళీగా ఉంటుందో, గంటకు ఎంత కట్టాలో రాసి పంపమని సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక డాన్స్ మాస్టర్,
కడప