వెల్లుల్లి లేని ఆవకాయ ఇకమీదట నలుచదరపు సీసాలో

బోయినపల్లిలోని మా దుకాణంలో ఏళ్ళ తరబడి పచ్చళ్ళు తీసుకుంటున్న మీలో కొందరికి ఈ వేసవిలో, వెల్లుల్లి లేనిదని రాసి ఉన్న సీసాలో వెల్లుల్లి ఆవకాయ వచ్చింది. వెల్లుల్లి ముట్టని ఇళ్ళలో, అందులోనూ వ్రతదీక్షలో ఉన్నవారి విస్తట్లో అది పడడం చిన్న విషయం కాదు. మీ అందరికీ మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. గోధుమరంగు లేబులున్న ఆవకాయ సీసా ఏది మీ ఇంట్లో ఉన్నా, మూత తీసినా తీయకపోయినా, దుకాణానికి ఫోను చేస్తే కొత్తది పంపిస్తాము. పాతది తిరిగి ఇవ్వనక్కరలేదు.

వెల్లుల్లి ఆవకాయకు ఎర్ర లేబులు, వెల్లుల్లి లేనిదానికి పసుపు లేబులు వాడతామని మీరు ఎరుగుదురు. ఆ రంగులు అందం కోసం కాదు, చూడగానే తేడా తెలియాలని పెట్టినవి. మా ప్యాకింగు బల్ల దగ్గర పనిచేసే యువతీయువకులు బధిరులు. దానికి తోడు ఒకరికి మేధోవైకల్యం, ఒకరికి సెరిబ్రల్ పాల్సీ (శరీర కదలికలు సరిగా అదుపులో ఉండని స్థితి), లేబుళ్ళు అంటించే అమ్మాయికి అషర్ సిండ్రోమ్ ఉన్నాయి. అషర్ సిండ్రోమ్ ఉన్నవారికి వినికిడి లోపంతో పాటు మసక వెలుతురులో చూపు తగ్గుతుంది, ఆపైన క్రమంగా పక్కచూపు కుంచించుకుపోయి, గొట్టంలోంచి చూసినట్టు ఎదుట ఉన్నంత మేరకే కనిపిస్తుంది. అందుకే ఆమె బల్ల మీద ప్రకాశవంతమైన దీపం, నల్లని ట్రే ఉంటాయి. ఆమెతో మాట్లాడేవారు ఎదురుగా నిలబడి, చేతులు ఛాతీకి దగ్గరగా ఉంచి సంజ్ఞలు చేస్తారు. ఆ సంజ్ఞలను మా మిగతా సిబ్బంది, ఢిల్లీలోని ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ 2018లో 3,000 పదాలతో మొదలుపెట్టి 2021 నాటికి 10,000 పదాలకు పెంచిన వీడియో నిఘంటువు చూసి, ఆ పిల్లల చేత దిద్దించుకుంటూ నేర్చుకున్నారు.

లేబుళ్ళు అచ్చువేసే ఆయనకు ఇదంతా తెలుసు. ఆ బల్ల పక్కన నిలబడి టీ తాగిన మనిషి. అయినా మామిడికాయ సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు, పసుపు కాగితం దొరకలేదని మాకు ఒక్క మాటైనా చెప్పకుండా, రెండు రకాల లేబుళ్ళనూ ఒకే గోధుమరంగు కాగితం మీద, ఒక్క సన్నని అక్షరాల వరుసలో తప్ప తేడా లేకుండా అచ్చువేశారు. కట్టల పైన మాత్రం ఎప్పటిలాగే పాత రంగుల నమూనా ముక్కలు అంటించి పంపారు. వాటిలో కొన్ని తారుమారయ్యాయి. ఎర్ర ముక్క ఉన్న కట్ట విప్పితే లోపల వెల్లుల్లి లేని ఆవకాయ లేబుళ్ళు! సీజను రద్దీకి తాత్కాలికంగా పెట్టుకున్నవారు, చూపూ వినికిడీ చక్కగా ఉన్నవారే, పక్క బల్ల మీద ఆ నమూనాలను నమ్మి అంటించుకుంటూ పోయారు. తేడా పట్టుకున్నది లేబుళ్ళు అంటించే మా అమ్మాయే. రెండు చుట్టల లేబుళ్ళను దీపం కిందికి తెచ్చి, పక్కపక్కన పరిచి, వేలితో తట్టి ‘రెండూ ఒకటే’ అని సంజ్ఞ చేసి, పని ఆపి కూర్చుంది. అప్పటికే పక్క బల్ల సీసాలు పార్శిల్ బండి ఎక్కి వెళ్ళిపోయాయి.

నేను నిలదీసినప్పుడు ఆయన, “మీ దగ్గర ఉన్నది చెవిటివాళ్ళు కదా, వాళ్ళే కలిపేసి ఉంటారు” అన్నారు. పోయిన డబ్బు సంగతి మరిచిపోగలను గానీ ఈ మాట మరిచిపోలేను. మీలో కొందరు కూడా ఆ మాటే నమ్మి, ఆ పిల్లలను లేబుళ్ళ పని మాన్పించి సీసాలు కడిగే పనికి పెట్టమని సలహా ఇచ్చారు. మేలు కోరే చెప్పారని తెలిసినా మనసు చాలా కష్టపడింది.

ఆ సలహాను వెంటనే తోసిపుచ్చలేదు. మీ ఇళ్ళకు మళ్ళీ తప్పు సీసా వెళుతుందేమోనన్న భయంతో నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి. కడిగే చోటికి వెళ్ళి చాలాసేపు నిలబడి చూశాను. నేలంతా తడి, కాళ్ళ దగ్గర బకెట్లు, వెనకనుంచి తోసుకొచ్చే ట్రాలీలు. పక్కచూపు లేని మనిషికి ఆ బకెట్ కనిపించదు, ట్రాలీ చప్పుడు వినిపించదు. అందరూ సులువనుకునే ఆ పనే ఆమెకు అన్నిటికన్నా ప్రమాదం. ఇక మా ప్యాకింగు బల్ల దగ్గర పనిచేసే, మేధోవైకల్యం ఉన్న అబ్బాయిని బధిరుల బడిలో పాఠం అందుకోవడం లేదని వేరే కేంద్రానికి పంపితే, అక్కడ సంజ్ఞలు తెలిసినవారు ఒక్కరూ లేకపోయారు. మా దగ్గర గోడకు వరుసగా అంటించిన ఫోటోలు చూసుకుంటూ మూత, సీలు, తుడుపు ఒక్కటీ తప్పకుండా చేస్తాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్లో, ఇటువంటి బహుళ వైకల్యం (ఒకటికి మించిన వైకల్యాలు) ఉన్నవారికి ఆటిజం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నవారితో కలిపి దక్కేది 1 శాతం. ప్రైవేటు దుకాణాలకు ఆ కోటా లేదు. నేను పంపించేస్తే వీరిని ఎవరు పిలుస్తారు?

కాబట్టి ఆమె ఆ బల్ల దగ్గరే ఉంటుంది. వెల్లుల్లి లేని ఆవకాయ ఇక నలుచదరపు సీసాలో, వెల్లుల్లిది ఎప్పటిలా గుండ్రని సీసాలో వస్తాయి. కళ్ళు మూసుకుని తడిమినా తేడా తెలుస్తుంది. ఈ ఆలోచన ఆమెదే. మా గోంగూర సీసాను ఆమె చాలాకాలంగా దాని అంచు గాట్లను బట్టే గుర్తుపడుతోంది. కొత్త సీసా ఖరీదు ఎక్కువే అయినా ఈ సీజనులో ధర పెంచను, తూకం అదే అరకిలో. లేబుళ్ళు ఇప్పుడు వేరొకరు అచ్చువేస్తున్నారు, ప్రతి చుట్టనూ ఆమె దీపం కింద చూసి సరేనన్నాకే వాడుతున్నాము. దీనివల్ల పార్శిళ్ళు ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు.

ఆ పిల్లలు ప్యాకింగులో ఉన్నంతకాలం మా పచ్చళ్ళు కొనబోమని చెప్పినవారు ముందుగా కట్టిన డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చేస్తాను, మళ్ళీ అడగను. మిగిలినవారికి మాగాయ వచ్చే వారం నుంచి దుకాణంలో దొరుకుతుంది.