15 వాట్లు చాలని చెప్పింది నేనే, ఆ మాట సరిచేసుకుంటున్నా

అందరికీ నమస్తే. ఈసారి రాస్తున్నది కొత్త స్టాక్ గురించి కాదు, స్టాక్ సంగతి చివర్లో రెండు ముక్కలు చెప్తాను, ముందు నేనో తప్పు ఒప్పుకోవాలి.

మా దగ్గరికి సెకండ్ హ్యాండ్ ట్యూబ్ యాంప్ (గాజు వాల్వులతో పనిచేసే గిటార్ యాంప్లిఫయర్) కోసం వచ్చేవాళ్ళు ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న "అన్నా, బ్యాండ్‌తో వాయించడానికి 15 వాట్లు సరిపోతాయా" అనే. నేనేమో ఇన్నాళ్ళూ తడుముకోకుండా "బ్రహ్మాండంగా సరిపోతాయి, ట్యూబ్ వాట్ల లెక్క వేరు, తీసుకెళ్ళండి" అనేసేవాణ్ణి. అందులో అబద్ధం లేదు గానీ చెప్పాల్సిందంతా చెప్పినట్టూ కాదు. ఈ మధ్య వరసగా మూడు యాంపులు వెనక్కొచ్చాయి, మూడూ చిన్నవే. వాటిలో ఒకటి నిజంగానే పాడైంది, అది పూర్తిగా నా నిర్లక్ష్యం, దాని గురించి కింద రాశాను. మిగతా రెండిటికీ ఏ రోగమూ లేదు, బెంచ్ మీద పెట్టి కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి, తీసుకెళ్ళిన వాళ్ళ బ్యాండ్‌కి అవి నప్పలేదు, అంతే.

నప్పలేదు అంటే సౌండ్ తక్కువైందని కాదు, అక్కడే నేను ఇన్నాళ్ళూ సరిగ్గా చెప్పలేదు. 15 వాట్ల ట్యూబ్ యాంప్ ఫుల్లుగా తిప్పితే డ్రమ్స్ పక్కన గట్టిగానే వినిపిస్తుంది, కానీ అప్పటికి అది డిస్టార్షన్‌లోకి, అంటే సౌండ్ పగిలి గరగరలాడే దశకి, వెళ్ళిపోయి ఉంటుంది. రాక్, బ్లూస్ వాయించేవాళ్ళకి కావాల్సిందే అది కాబట్టి వాళ్ళు సంతోషంగా ఉంటారు. క్లీన్‌గా, అంటే ఆ గరగర లేకుండా, కార్డ్స్ వాయించేవాళ్ళకి, అందులోనూ డ్రమ్మర్ చెయ్యి కాస్త బరువైనదైతే, వాల్యూమ్ నాలుగు దాటేసరికి గిటార్ గరగరలాడటం మొదలవుతుంది. ఇకనుంచి నేను మిమ్మల్ని ముందు అడిగేది ఎన్ని వాట్లు కావాలని కాదు, మీకు క్లీన్ కావాలా క్రంచ్ (కొంచెం గరగర) కావాలా, మీ డ్రమ్మర్ ఎలా కొడతాడు అని. విచిత్రంగా అనిపించినా దానికి జవాబు చెప్పాకే యాంప్ చూపిస్తాను.

వాట్ల లెక్క కూడా ఒకసారి చెప్పుకోవాలి, ఎందుకంటే వెనక్కి తెచ్చిన వాళ్ళలో ఒకాయన "అయితే 30 వాట్లది ఇవ్వండి, డబుల్ వస్తుంది కదా" అన్నాడు. రాదండీ. వాట్లు రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు. అందుకే ఒక 5 వాట్ల యాంప్, ఒక 50 వాట్ల యాంప్ పక్కపక్కన పెట్టి తిప్పితే జనం నోరెళ్ళబెడతారు, ఇంత చిన్నది ఇంత అరుస్తుందా అని. ఫెండర్ కంపెనీ యాంపుల్లో ప్రిన్స్‌టన్ రివర్బ్ దాదాపు 12 వాట్లు, డీలక్స్ రివర్బ్ 22, రెండిట్లోనూ పవర్ ట్యూబులు, అంటే స్పీకర్‌ని నడిపే ట్యూబులు, 6వీ6 రకం జతే. కాగితం మీద తేడా 3 డెసిబెల్స్ కూడా లేదు. అయినా బ్యాండ్‌లో పెడితే డీలక్స్ క్లీన్‌గా తట్టుకునే చోట ప్రిన్స్‌టన్ చేతులెత్తేస్తుంది, దానికి వాట్లొక్కటే కారణం కాదు, డీలక్స్‌లో 12 అంగుళాల స్పీకర్, ప్రిన్స్‌టన్‌లో మామూలుగా 10 అంగుళాలది, డబ్బా సైజు కూడా వేరు.

స్పీకర్ అనే మాట వచ్చింది కాబట్టి, నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. ప్రతి స్పీకర్‌కీ సెన్సిటివిటీ అని ఒక నంబర్ ఉంటుంది, 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో చెప్పేది. సెలెస్టియన్ కంపెనీ స్పీకర్లలో గ్రీన్‌బ్యాక్‌ది 98, "వింటేజ్ 30" అనే మోడల్‌ది అయితే 100. 97 ఉన్న స్పీకర్ తీసేసి 100 ఉన్నది బిగించారంటే యాంప్ వాట్లు రెండింతలు చేసినంత లెక్క, ట్యూబ్ ఒక్కటి ముట్టుకోకుండా. నప్పలేదని వెనక్కొచ్చిన రెండిట్లో ఒకదానికి ఇదే చేశాను. ఆయన తీసుకెళ్ళి రెండు ప్రాక్టీసులు చూసుకుని "ఇక దీన్ని ఇవ్వను" అన్నాడు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది, స్పీకర్ ఎన్ని వాట్లు తట్టుకుంటుందో కూడా చూడాలి. సెలెస్టియన్ బ్లూ 100 డెసిబెల్స్ ఇస్తుంది కానీ తట్టుకునేది 15 వాట్లే, 15 వాట్ల యాంప్ ఫుల్లుగా తిప్పితే రాసి ఉన్నదానికంటే ఎక్కువే బయటికొస్తుంది, అలాంటి చోట ఒక్క బ్లూ పెట్టి ఎడాపెడా వాయించొద్దు. ఓమ్స్ కూడా కలవాలి, అంటే యాంప్ వెనకాల, స్పీకర్ మీద రాసిన ఓమ్స్ అంకె ఒకటే ఉండాలి, 8కి 8, 16కి 16.

నప్పలేదని వచ్చిన రెండోది మాత్రం స్పీకర్‌తో తేలే వ్యవహారం కాదు, దాన్ని తీసుకెళ్ళినాయనకి పూర్తి క్లీన్ కావాలి, పక్కన కీబోర్డు, ఇంకో గిటార్. డబ్బులు తిరిగిచ్చేశాను, నేను ముందే అడిగి ఉండాల్సింది.

కొనడానికి ముందు ఖర్చు లేని పని ఒకటుంది, యాంప్‌ని నేల మీంచి లేపి కుర్చీ మీద పెట్టండి. మనం దాని ముందు నిలబడితే సౌండంతా మోకాళ్ళకి తగులుతుంది, చెవులకి కాదు, దాంతో వినపడటంలేదని వాల్యూమ్ పెంచుతాం, ఎదురుగా ఉన్నవాళ్ళు చెవులు మూసుకుంటారు. ఇంట్లో ఒక్కరే వాయించుకుంటూ మిడ్స్ (మధ్యస్థాయి శబ్దాలు) తగ్గించి బేస్, ట్రెబుల్ పెంచి పెట్టుకున్న టోన్ బ్యాండ్‌లో కలిసేసరికి మాయమైపోతుంది కూడా. మిడ్స్ పెంచి చూడండి, కొందరికి అసలు వేరే యాంపే అక్కర్లేదు. ఇలా చెప్తే నా వ్యాపారం ఏమవుతుందని మా ఇంట్లో అడిగారు, సరే. స్టేజ్ మీద యాంప్ ముందు మైక్ పెట్టి పీఏలోకి (హాలంతటికీ వినిపించే పెద్ద స్పీకర్లలోకి) పంపే ఏర్పాటు ఉంటే 5 వాట్లతో కూడా పని జరుగుతుంది, చిక్కల్లా మైక్ లేని ప్రాక్టీస్ రూమ్‌లోనే.

ఇప్పుడు పాడైన దాని సంగతి. అదో 15 వాట్ల కాంబో (యాంపూ స్పీకరూ ఒకే డబ్బాలో ఉండేది), ఈఎల్84 రకం పవర్ ట్యూబులు రెండు. నేను కొన్నప్పుడు ఒక పది నిమిషాలు తక్కువ వాల్యూమ్‌లో వాయించి చూశాను, హమ్ (గుయ్యిమనే మోత) లేదు, నాబ్స్ గీరుకోవడం లేదు, బాగుందని అమ్మేశాను. తీసుకెళ్ళినాయన ప్రాక్టీస్‌లో నలభై నిమిషాలు వాయించాక సౌండ్ మెత్తబడి, ఒక ట్యూబ్ లోపల ప్లేట్ ఎర్రగా కాలి, ఫ్యూజ్ పోయింది. తెరిచి చూస్తే ఆ ట్యూబ్ గ్రిడ్‌కి (ట్యూబ్ ఎంత కరెంట్ లాగాలో అదుపు చేసే భాగానికి) వెళ్ళే కప్లింగ్ కెపాసిటర్, అంటే గిటార్ సిగ్నల్‌ని పంపి డీసీని ఆపాల్సినది, లీకవుతోంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, వేడెక్కాక డీసీ కొద్దికొద్దిగా గ్రిడ్ మీదికి జారుతుంది, ట్యూబ్ లాగాల్సిన దానికంటే ఎక్కువ కరెంట్ లాగి కాలిపోతుంది. పది నిమిషాల టెస్ట్‌లో ఇది ఈ జన్మకి దొరకదు. కరెంట్‌ని నున్నగా చేసే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు కూడా పాతవే, లోపల తడి ఉండే ఎలక్ట్రోలిటిక్ రకం కాబట్టి వాడినా వాడకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతాయి. అవి కూడా మార్చాల్సింది, మార్చలేదు. ఫ్యూజ్ పోవడం మన అదృష్టం, లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయేది, ట్యూబుల్లా అది పీకి కొత్తది గుచ్చే వస్తువు కాదు.

అందుకని ఇకనుంచి మా దగ్గర ఏ యాంప్ అయినా గంటసేపు బ్యాండ్ వాల్యూమ్‌లో ఆడాకే అమ్మకానికి వస్తుంది. పవర్ ట్యూబ్ బయాస్ (ఏమీ వాయించనప్పుడు ట్యూబ్ లాగే కరెంట్) కొలిచిన అంకె, ఫిల్టర్ కెపాసిటర్లు మార్చామా లేదా, స్పీకర్ ఒరిజినలా మార్చినదా, ఇవన్నీ చీటీ రాసి వెనకాల అతికిస్తాను. డ్రమ్మర్ ఫ్రెండ్ ఒకడున్నాడు, వాణ్ణి కూర్చోబెట్టి క్లీన్ ఎంతవరకు నిలుస్తుందో విని అదీ రాస్తాను. దీనివల్ల నెలకి అమ్మేవి తగ్గుతాయి, తెలుసు.

వేరేచోట కొనేవాళ్ళు కూడా చాలామంది ఇది చదువుతారు, మీరూ ఇవి చూసుకోండి. యాంప్ ముందే వేడెక్కించి పెట్టారేమో తాకి చూడండి, చల్లగా ఉన్నదాన్ని మీ ముందే ఆన్ చేయమనండి, తర్వాత కనీసం అరగంట వదలకండి. ట్యూబుల్ని పెన్సిల్‌తో మెల్లగా తట్టండి, 12ఏఎక్స్7 (ముందుండే చిన్న ట్యూబ్) టింగుమని మోగితే అది మైక్రోఫోనిక్ అయిందని, అంటే తాకిడిని కూడా సౌండ్‌గా మారుస్తోందని, పెద్ద ఖర్చు కాదు. వాల్యూమ్ సున్నాలో ఉన్నా గుయ్యిమని హమ్ వస్తుంటే మాత్రం ఫిల్టర్ కెపాసిటర్లని అనుమానించాలి. వెనకాల ఎన్ని వోల్టులని రాసి ఉందో చూడండి, 120 వోల్టుల యాంప్‌ని 230లో పెడితే ఒక్కసారే పెడతారు. స్పీకర్ వైరు ఊడి ఉంటే అస్సలు ఆన్ చేయొద్దు. ఛాసిస్ (లోపలి లోహపు పెట్టె) మాత్రం మీరు తెరవొద్దు, ప్లగ్ పీకేసినా ఆ కెపాసిటర్లలో 300, 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు, ప్రాణం మీదికొస్తుంది.

ఇంతకుముందు మా దగ్గర చిన్న ట్యూబ్ యాంప్ కొన్నవాళ్ళు ఎవరైనా సరే తీసుకురండి, ఈ గంట టెస్ట్ ఉచితంగా చేసిస్తాను, నేను మార్చకుండా వదిలేసిన పార్ట్ ఏదైనా ఉంటే అది కూడా నా ఖర్చే. ఒకేరోజు అందరూ రాకుండా ముందు మెసేజ్ పెట్టండి, బెంచ్ ఒకటే ఉంది, మనిషిని కూడా ఒక్కణ్ణే.

స్టాక్‌లో ప్రస్తుతం టెస్ట్ పూర్తయినవి రెండే, ఒకటి 6వీ6 జతతో 22 వాట్లది, క్లీన్ కావాల్సిన వాళ్ళకి. రెండోది 5 వాట్లది, ఇంట్లోకి, రికార్డింగ్‌కి, డ్రమ్స్ పక్కకి అని అడిగితే ఇవ్వను. కాలిపోయిన ఆ 15 వాట్ల కాంబోకి కొత్త కెపాసిటర్లు వేశాను, రెండు సాయంత్రాలుగా ఆడుతోంది, బాగానే ఉంది, కానీ ముందు కొన్నాయన ఇంకోసారి విని వద్దంటేనే అమ్మకానికి పెడతాను, అప్పటిదాకా అడగొద్దు.